చెవి చేతికే ఇవ్వాలి

"ఎవడో లోపలికి దూరాడే!"

తాళాల మేస్త్రి కేకకు భార్య చేతిలోని తాళంచెవుల గుత్తి జారి కిందపడింది. ఆమె షట్టరు వంక చూసింది, గల్లాపెట్టె వంక చూసింది. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

"ఎక్కడికండీ?"

"వెబ్‌సైటులోకి!"

"ఓస్, అంతేనా! గుండె ఆగినంత పనైంది" అంటూ ఆమె గుత్తి పైకి తీసుకుంది.

మేస్త్రికి ఒళ్ళు మండింది. ఆరు వారాలు సాయంత్రం క్లాసుకెళ్ళి, కళ్ళు పీక్కుపోయేలా కూర్చుని, సొంతంగా చేసుకున్న మొట్టమొదటి వెబ్‌సైటు అది. ఊళ్ళో కొత్తగా లేచిన ఆఫీసు భవనానికి రెండు వందల తలుపులు. వాటి తాళాల పని ఎవరికిచ్చేదీ ఈ సాయంత్రమే చెబుతానని అక్కడి మేనేజరమ్మ అంది. వెబ్‌సైటు ఉన్నవాళ్ళని ముందు అది పంపమంది. ఆ పని దొరికితే ఏడాదిపాటు చేతినిండా పని. దొరక్కపోతే మళ్ళీ ఎవరో పారేసుకున్న తాళంచెవులకు నకళ్ళు కోసుకుంటూ కూర్చోవడమే.

మేస్త్రి లింకు పంపాడు. పంపాడు గానీ, మొదటి పేజీకే పాస్‌వర్డు బిగించాడు. 'చెవి చేతికే ఇవ్వాలి, గోడకు తగిలించకూడదు' అన్నది ఆయన పద్ధతి. పాస్‌వర్డు స్వయంగా వచ్చి చెబుతానని మేనేజరమ్మకు రాశాడు. కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పలేదు. అలాంటిది, లోపలి పేజీ అడుగున తను పెట్టిన 'మీ అభిప్రాయం' డబ్బాలో పేరు కూడా లేకుండా ఎవరో రాసి పోయారు!

"మొదటి ప్రయత్నానికి బాగుంది. తెల్ల పేజీ మీద పసుపు అక్షరాలు కనబడటం లేదు, నలుపు పెట్టండి. గిరగిరా తిరిగే తాళంచెవి బొమ్మ దేన్నీ చదవనివ్వడం లేదు, ఆపండి. ఫోన్ నంబరు, షాపు తెరిచే వేళలు ఎక్కడా లేవు."

భార్య తొంగిచూసి చదివింది. "పాపం, బాగానే చెప్పారుగా. ఆ తిరిగే బొమ్మకి కళ్ళు తిరుగుతున్నాయని నేనూ ఆరోజే అన్నాను."

మేస్త్రి గిరుక్కున తిరిగాడు. "అంటే నువ్వేనా?"

"అయ్యో రామ! మీరు చూపిస్తే చూశాను. ఆ పాస్‌వర్డేదో కొట్టేటప్పుడు నన్ను గోడవైపు తిరగమన్నారు కూడా."

అది నిజమే. మేస్త్రి అనుమానం ఆమె మీంచి లేచి ఇంకోచోట వాలింది. "మళ్ళీ చదువు. నంబరు ఎందుకట వాడికి? వేళలు ఎందుకట? ఎప్పుడు మూస్తామో తెలిస్తే ఎప్పుడు దూరాలో తెలుస్తుంది. దొంగకు కావాల్సినవన్నీ వరసపెట్టి అడిగాడు!"

"కొనేవాళ్ళకీ అవే కావాలండీ."

"నీకేం తెలీదు, ఊరుకో."

క్లాసు చెప్పిన టీచరమ్మకు ఫోన్ చేశాడు. కంచే చేను మేసిందేమో, ఎవరు చూడొచ్చారు?

"నేనా? తెరిస్తే కదండీ చూసేది! మీరు గుమ్మానికే తాళం వేసేశారు. అసలు షాపు పెట్టుకుని వచ్చినవాళ్ళని బయట నిలబెడతారా ఎవరైనా?" అందావిడ.

"మా పనిలో అంతేనమ్మా" అని ఫోన్ పెట్టేశాడు.

ఇక మిగిలింది వీధి చివరి తాళాల షాపువాడు. రెండు వందల తలుపుల మీద వాడికీ కన్నుంది. భార్య నవ్వింది. "ఆయనకి మోగే ఫోను ఎత్తడమే రాదు, వెబ్‌సైటులో దూరతాడా?"

"నటన! అంతా నటన!" అన్నాడు మేస్త్రి. అని ఆ డబ్బాలోనే పట్టలేని కోపంతో జవాబు కొట్టాడు. "ఎవడ్రా నువ్వు? దొంగలా కాదు, దమ్ముంటే షాపుకొచ్చి మాట్లాడు!"

పది నిమిషాల్లో జవాబొచ్చింది. "రావాలంటే అడ్రసు కూడా లేదండీ. అదీ పెట్టండి."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి మాత్రం చెమటలు తుడుచుకుంటూ పాస్‌వర్డు మార్చేశాడు. ఈసారి బ్రహ్మదేవుడు దిగొచ్చినా తెరవలేడని మీసం మీద చెయ్యేశాడు. భార్య టీ తెచ్చింది. సగం గ్లాసు తాగాడో లేదో, డబ్బాలో ఇంకో ముక్క పడింది.

"తాళం మార్చారు, సంతోషం. అక్షరాలు మాత్రం ఇంకా పసుపే."

మేస్త్రికి టీ చేదెక్కింది. వెబ్‌సైటులోకి రెండుసార్లు దూరినవాడు షాపులోకి దూరడని ఏముంది? లేచి షట్టరు సగం దించాడు. భార్య దీపం వేసింది. అప్పుడే ఫోన్ మోగింది. మేనేజరమ్మ.

"ఏమనుకోకండి మేస్త్రిగారూ. పని వీధి చివరి షాపాయనకు ఇస్తున్నాం."

మేస్త్రి సగం దించిన షట్టరు మళ్ళీ పైకెత్తాడు. "అమ్మా, మీరు నా వెబ్‌సైటు చూడనైనా లేదు. పాస్‌వర్డు చెప్పడానికి ఇప్పుడే బయల్దేరుతున్నా..."

"చూశానండీ. అభిప్రాయం రాసింది నేనే."

మేస్త్రి అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. "తల్లీ, మీరని తెలీక నోరు జారాను. తప్పయిపోయింది..."

"తిట్టినందుకు కాదులెండి. పసుపు అక్షరాలకూ కాదు, అవి రేపు మారతాయి. రెండు వందల తలుపులు మీ చేతిలో పెట్టడానికే భయంగా ఉంది."

మేస్త్రికి పౌరుషం పొడుచుకొచ్చింది. "నా తాళం ఇంతవరకూ ఎవ్వడూ తీయలేదమ్మా! అసలు మీరెలా తీశారు?"

"మొదటిసారి ఒకటి, రెండు, మూడు, నాలుగు కొట్టాను. మీరు మార్చాక నాలుగు, మూడు, రెండు, ఒకటి కొట్టానండీ."