అలిగే ఆటగాడు

సుంకన్న చేసిన పులిజూదం కంప్యూటర్ ఆట ఇంటింటా ఉంది గానీ, ఆడేది మనుషులు కాదు. తీరికలేని యజమానుల బదులు గోడకు బిగించిన యంత్రాలే ఆడి, గెలుపోటములు అన్నాల వేళ చెబుతాయి.

చిగురు అనే కంప్యూటర్ వ్యవస్థ మాత్రం ఏ కంపెనీదీ కాదు. వాడేవాళ్లే కలిసి రాసుకుంటారు. అందులో బదులు ఆడిపెట్టే యంత్రం లేదు; వాడేవాళ్లే పక్కిళ్ల యంత్రాలతో ఆడుకోవాలి. వాళ్లు కొద్దిమందే అయినా, వాళ్లకోసం ఆటను సరిచేయడానికే సుంకన్నకు సగం రోజులు పోతున్నాయి.

"ఇంక చిగురుకు ఆట ఇచ్చేది ల్యా. గిట్టదు," అన్నాడు భార్య చౌడమ్మతో. "కొనేది పిడికెడు మంది, తిట్టేది ఊరంత."

"ఈపొద్దు ఎవరు తిట్టినారు?"

"చిగురు వాడే ప్యాపిలి ఆయప్ప పెండ్లాం. ఒక్కదాన్నే తినాల్సిన పులి ఒకే దూకుకు రెండు మేకల్ని తినిందంట. మొగుడు అలిగి కూడు తినకుండా పండుకున్న్యాడంట."

చౌడమ్మ పకపకా నవ్వింది. "గోడమిషన్లు ఎప్పుడన్నా అలిగినాయా?"

"వాటికేం అలక? గెలిచినా ఓడినా ఒకే గొంతు."

అనుమానమొచ్చి చూసుకున్నాడు. రెండు మేకల దూకు అన్ని ఇళ్లలోనూ జరుగుతోంది. ఏ యంత్రమూ అన్యాయమనలేదు.

ప్యాపిలికి ఫోన్ చేశాడు.

"అక్కా, తప్పు నాదే. సాయంత్రానికి సరిచేస్తా. ఆయప్పను లేపి కూడు పెట్టు."

అవతల మంచం కిర్రుమంది. మగగొంతు పలికింది.

"సరిచేసినంక యంత్రంతో కాదు, నువ్వే నాతో ఆడల్ల. పులులు నావి."

"మేకలు నావి," అన్నాడు సుంకన్న.