వదలొద్దన్న చోటు

సృజన్ చనిపోయిన శనివారమే వాళ్ల ఆన్‌లైన్ వీడియో గేమ్ జట్టు సెమీఫైనల్ ఓడిపోయింది. ఆరు వారాల తర్వాత, షామ్‌బర్గ్‌లో సృజన్ స్నేహితుడు నిశాంత్ వాళ్ల ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చుని సృజన్ తల్లి వసంతలక్ష్మి ఆ ఆట రికార్డింగ్‌ను మొదటిసారి చూసింది.

"ఇందులో మా వాడు ఏడి?"

"బ్లూ హెల్మెట్, ఆంటీ." నిశాంత్ స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించాడు. పదిహేడేళ్లవాడు. ఈ ఆరు వారాల్లో బాగా చిక్కిపోయాడు. "మేం ఐదుగురం డిఫెన్స్. వాళ్లు ఐదుగురు లోపలికొచ్చి బాంబ్ పెట్టాలి. మేం ఆపాలి. నువ్వు ఇటు కూర్చో, బాగా కనపడుతుంది."

"మీరు అనాలిరా," అంది అతని తల్లి సుధ, టీ కప్పులు బల్ల మీద పెడుతూ.

"పర్లేదు సుధా. సృజన్ నన్నే 'ఏయ్ లక్ష్మీ' అనేవాడు."

సుధ నవ్వబోయి, కళ్లు తుడుచుకుని పైకి వెళ్లిపోయింది. రెండు రోజుల కిందట ఫోన్ చేసింది ఆమే. "వాడు సరిగ్గా తినడు, ఎవరితోనూ మాట్లాడడు. అంతా నా వల్లే అంటాడు, ఏమిటో చెప్పడు. మీరొక్కసారి వచ్చి నీ తప్పేం లేదని చెబితే నమ్ముతాడేమో."

వసంతలక్ష్మి మిడిల్ స్కూల్లో లెక్కలు చెబుతుంది. తప్పు జవాబు తెచ్చిన పిల్లల్ని ఆమె ఎప్పుడూ కోప్పడదు. ఎక్కడ తప్పిందో మొదటి మెట్టు నుంచి చెప్పమంటుంది. నిశాంత్‌నీ అలాగే అడిగింది.

"సృజన్ ఆ మూలనే ఎందుకు నిలబడ్డాడు?"

"కారిడార్‌కి అది బెస్ట్ పొజిషన్. వాడికి అంతా కనపడుతుంది, వాళ్లకి వీడి భుజం ఒక్కటే కనపడుతుంది. ఫస్ట్‌లో వాడికి పొజిషనింగ్ తెలీదు ఆంటీ. ఎవరు కనపడినా పరిగెత్తుకెళ్లి చచ్చేవాడు..." ఆగిపోయాడు. "సారీ."

"చెప్పు."

"నేనే నేర్పించా. నిలబడే ముందే వెనక్కొచ్చే దారి చూసుకోవాలి. ఒక్కడే ముందుకెళ్లకూడదు. పక్కవాడు పడిపోతే ఆ చోటు వదిలేసి మిగతావాళ్ల దగ్గరికి రావాలి. అవతలివాళ్లు కనపడ్డాక ఆలోచిస్తే లేట్. ముందే డిసైడ్ చేసుకోవాలి."

"ఎవరు డిసైడ్ చేస్తారు?"

"నేనే, కెప్టెన్ కదా. రౌండ్ నడుస్తుంటే హెడ్‌సెట్‌లో నేనొక్కడినే మాట్లాడతా. మిగతా నలుగురూ ఎంతమంది వస్తున్నారు, ఎక్కడున్నారు, అంతే చెప్పాలి. వేరే మాట మాట్లాడితే అడుగుల చప్పుడు వినపడదు."

"మా వాడు ఊరుకునేవాడా?"

"ఎక్కడ! నీ సాంబార్ మీద కూడా జోకులే."

"ఏమని?"

"మన డిఫెన్స్ కన్నా పల్చగా ఉంటుందని."

వసంతలక్ష్మి నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. తెర మీద ఎడమవైపున్న ఆటగాడు పడిపోయాడు. నీలం హెల్మెట్ కదలలేదు. ఇద్దరు శత్రువులు కారిడార్‌లోకి వచ్చారు. నీలం హెల్మెట్ కాల్చలేదు. వాళ్లు అనుమానంగా ఆగి, దగ్గరికి వచ్చి, పక్కనుంచి కాల్చారు. తెర మూలనున్న టైమర్ అంకెలు చూస్తూ ఆమె లెక్కపెట్టింది. నలభై సెకన్లు.

"పక్కవాడు పడిపోతే వెనక్కి రావాలన్నావు. మరి రాలేదేం?"

నిశాంత్ ఆట ఆపేశాడు. "ఇందులో మా మాటలు రికార్డ్ అవవు ఆంటీ. గన్ సౌండ్సే ఉంటాయి."

"అయితే నువ్వే చెప్పు."

అతను మెట్లవైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"రౌండ్ స్టార్ట్ అవగానే హెడ్‌సెట్‌లో చెస్ట్ నొప్పిగా ఉందన్నాడు. తర్వాత చెప్పు, పొజిషన్ వదలొద్దు అన్నా. ఓకే అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. రూల్ ఫాలో అవుతున్నాడనుకున్నా. కదలకపోతే తిట్టా కూడా. ఇడియట్ అన్నా. అప్పుడు వాడు..."

ఆమె టీ కప్పు అతనివైపు జరిపింది.

"ముందే తీసుకొస్తే బతికేవాడని డాక్టర్ అన్నాడంట కదా. మమ్మీ ఫోన్‌లో చెబుతుంటే విన్నా."

"అన్నారు."

"ఎంత ముందు?"

"ఒకటి రెండు గంటలు." ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. "మీ రౌండ్ రెండు నిమిషాలు. నువ్వు ఏం చేసినా ఆగేది కాదు. నీ తప్పేం లేదు నిశాంత్."

అతను తల అడ్డంగా ఊపాడు. "ఊరికే అంటున్నావు. ఇంట్లో ఎవరికైనా చెప్పి ఉంటే వెంటనే తీసుకెళ్లేవాళ్లు. నీకు చెబితే నువ్వు తీసుకెళ్లేదానివి కదా?"

వసంతలక్ష్మి తెరవైపే చూస్తోంది.

"నా ఒక్కడికే చెప్పాడు ఆంటీ. ఒక్కడికే. నేనేమో ఆడమన్నా."

ఆమె పెదవులు కదిలాయి. అంతలో పైనుంచి సుధ కేకేసింది. "వసంతగారూ, పూరీలు వత్తుతున్నా. తిని వెళ్లాలి!"

"ఇంకోసారి వస్తాను సుధా," అంటూ వసంతలక్ష్మి లేచింది. "వేళకి తిను నాన్నా," అని అతనికి చెప్పి మెట్లెక్కింది.

గుమ్మం దగ్గర సుధ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "చెప్పారా?"

"నీ తప్పేం లేదన్నాను."

"నమ్మాడా?"

"లేదు."

వసంతలక్ష్మి కారెక్కి, సీటుబెల్టు పెట్టుకుని, ఇంజన్ స్టార్ట్ చేయకుండా చాలాసేపు కూర్చుంది. కింద బేస్‌మెంట్ చిన్న కిటికీలో తెర వెలుగు కనిపిస్తోంది. నిశాంత్ ఆ నలభై సెకన్లనే మళ్లీ చూస్తున్నాడు. ఆమె తలుపు మీద చెయ్యి వేసింది. తీసేసింది. కారు వెనక్కి తిప్పి రోడ్డెక్కింది.

ఆ శనివారం ఉదయం, ఛాతీ నొప్పిగా ఉందని సృజన్ ముందు తనతోనే అన్నాడని ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.