తల్లిచేప జోలికి పోవద్దు

రేవంతా గాలించినా మిగిలినవి పదకొండే. నల్లచారల చిన్న చేపలు. అరచేతిలో రెండు పడతాయి.

సర్పిన్ నీళ్లలోంచి లేచి పడవ అంచు పట్టుకున్నాడు. "ఇవే, హదిరా. ఇంక లేవు."

"అయితే వదిలెయ్యి," అంది పడవలో కూర్చున్న భార్య. "ఇన్నేళ్లు పట్టి అమ్మింది చాలదా? చివరివాటినీ గాజుపెట్టెలో పెడితే ఆ పాపం ఎక్కడికి పోతుంది?"

"అమ్మడానికి కాదే. చేపల పెంపక కేంద్రం నింగ్సి అమ్మగారు పిల్లలు పెట్టించి మళ్లీ ఇక్కడే వదులుతానంటున్నారు."

"ఊరూరా గాజుపెట్టెల్లో తిరుగుతున్నాయి మన చేపలు. ఒక్కటంటే ఒక్కటి వెనక్కొచ్చిందా?"

ఇండోనేషియాలోని ఈ బాంగాయ్ దీవులన్నీ వెతికినా ఈ రేవు చేపకున్న వంకర చార ఇంకో రేవులో కనిపించదు. ఇక్కడ పోతే పోయినట్టే. ఆ మాట తలుచుకుంటే సర్పిన్‌కి ఏడుపొచ్చింది.

ఒక్కటే ధైర్యం. పక్క రేవుల వాళ్లలా తాము ఊడ్చుకుపోలేదు. ఇది గుడ్లను నోట్లో దాచుకుని పొదిగే చేప. దవడ ఉబ్బినది వలలో పడితే అల్లా పేరు తలుచుకుని వదిలేయాలి. తాతల నాటి కట్టుబాటు అది. తప్పినవాడి వలను పెద్దలు తగలబెట్టేవారు.

"మనం తల్లుల్ని ముట్టలేదే," అన్నాడు. "ఈ పదకొండులో సగమన్నా తల్లులే ఉంటాయి. పిల్లలు పుట్టకేం చేస్తాయి?"

హదిరా బిందె ముంచి సముద్రపు నీళ్లు నింపింది. దాన్ని అతనికి అందించింది. "ఒక్కటి చచ్చినా నాకు మొహం చూపించకు."

ఒక్కటీ చావలేదు. పెంపక కేంద్రంలో నింగ్సి వాటిని కంటికి రెప్పలా చూసుకుంది. నాలుగు నెలలు గడిచాయి. ఒక్క దవడా ఉబ్బలేదు. సర్పిన్ పొద్దున్నే పడవేసుకొచ్చి తొట్టి ముందు కూలబడేవాడు. తెచ్చుకున్న సాగో పిండి గంజి ముట్టకుండానే వెనక్కి పట్టుకెళ్లేవాడు.

ఆ రోజు నింగ్సి పరీక్ష కాగితంతో వచ్చింది.

"అన్నీ మగవే, సర్పిన్ గారూ. ఒక్క ఆడదీ లేదు."

"అదెలా అమ్మా? రేవు మొత్తంలో మేం వదిలిందే తల్లుల్ని. దవడ ఉబ్బినదాన్ని మా ఊళ్లో ఒక్కడూ అమ్ముకోలేదు. ఒట్టు."

నింగ్సి అతని పక్కనే నేల మీద కూర్చుంది.

"ఈ జాతిలో గుడ్లను నోట్లో మోసేది తండ్రి," అంది.