వెనక్కి తిరిగి కూర్చున్నవాడు

గాలిపడవ రేవు వదలకముందే ముందు వరసలోని ఆడమనిషి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంది.

కంపు ఆ వరస చివర కూర్చున్నవాడి దగ్గర్నుంచి వస్తోంది. పీతల బుట్టల్లో ఎరగా వేసే కుళ్ళిన చేపల కంపు.

వెనకాల ఎత్తు సీటు మీద ఉన్న ఒవీడ్‌కీ అది తగిలింది. అరవై ఆరేళ్ళుగా ఈ బురదనీళ్ళలో బతుకుతున్నవాడికి కంపు కొత్త కాదు. అయినా టికెట్టు కొనుక్కుని వచ్చేవాడు ఒంటి మీద నాలుగు చెంబులు పోసుకుని రాకూడదా?

విసుక్కుంటూనే ఎడమ చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

భుజం నుంచి మణికట్టు దాకా సర్పి లేచి మూడు వారాలైంది. పొక్కులు మాడిపోయాయి గాని మంట పోలేదు. డాక్టరు మాత్రలు కడుపు చెడగొట్టాయి తప్ప చేతి జోలికి వెళ్ళలేదు.

గాలిపడవను ఎడమ చేత్తోనే తిప్పాలి. సోమవారానికి చెయ్యి కుదుటపడకపోతే పడవ ఇంకొకడికి ఇస్తానని యజమాని మొహం మీదే చెప్పేశాడు. ఇవాళ శనివారం. పడవ పోతే ఒవీడ్‌కు మిగిలేది పెళ్ళాం లేని ఇల్లు, ఆ ఇంట్లో నాలుగు గోడలు.

సర్పికి మంత్రించే యూలాలీ అవ్వ కోసం కాలవ చివరికి రెండుసార్లు వెళ్ళాడు. మొదటిసారి తలుపు వేసి ఉంది. రెండోసారి పక్కింటివాళ్ళు సమాధి చూపించారు. అవ్వకు కొడుకులు లేరు, మంత్రం ఆమెతోనే పోయిందన్నారు.

పడవ కదిలింది. వెనక నుంచి పడవను తోసే పెద్ద ఫంకా హోరుకు జనం చెవుల మీద డిప్పలు బిగించుకున్నారు.

మొదటి మలుపులో ఇంజను ఆపి, ఒవీడ్ తెల్లటి పంచదార ముద్దలు నాలుగు నీళ్ళలోకి విసిరాడు. నాచు చీల్చుకుంటూ మొసలి వచ్చింది. మనుషుల్ని మింగగల నోరు, మిఠాయి కోసం తెరుచుకుంది. జనం చప్పట్లు కొట్టారు. ఒకావిడ దానికి ముద్దుపేరు కూడా పెట్టింది. రోజుకు ఆరుసార్లు ఈ రోత చూసి చూసి ఒవీడ్‌కు మొసలి మీదా, మిఠాయి మీదా, మనుషుల మీదా ఒకేలాంటి అసహ్యం పుట్టింది.

అందరూ మొసలిని చూస్తున్నారు. ఆ కంపుమనిషి మాత్రం సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని ఒవీడ్ చేతిని చూస్తున్నాడు. దవడలో పొగాకు. చేతిలో శీతలపానీయం సీసా. అందులోకి ఉమ్ముతున్నాడు. సగం దాకా నల్లగా నిండింది.

“ఎన్నాళ్ళయింది బాబాయ్?”

“ఏంటి?”

“చెయ్యి.”

“మూడు వారాలు. నీ డబ్బులు మొసలికి కట్టావు. అటు తిరిగి చూడు.”

వాడు తిరగలేదు.

రెండోచోట ఆపినప్పుడు ఒవీడ్ సీటు కింద పెట్టెలోంచి మొసలిపిల్లను తీశాడు. మూతికి నల్ల టేపు చుట్టి ఉంది. అది చేతులు మారుతూ, ఫోటోలు దిగుతూ పోయి, చివరికి ఓ లావుపాటాయన ఒళ్ళో ఉచ్చ పోసేసింది. ఆయన భార్య పడీ పడీ నవ్వింది. తుడుచుకోవడానికి ఒవీడ్ కుడిచేత్తో గుడ్డ అందించాడు.

కంపుమనిషి తన వంతు వచ్చినప్పుడు పిల్లవైపు చూడకుండానే పక్కవాళ్ళకు అందించేశాడు. మళ్ళీ ఇటే చూపు.

రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అని అడిగాడు. చొక్కా రాసుకుంటే నిప్పు పెట్టినట్టుంటుందా అని అడిగాడు.

“నువ్వేమన్నా డాక్టరువా?” అన్నాడు ఒవీడ్.

కాదన్నాడు. సముద్రంలో నూనెబావి మీద గొట్టాలు మోస్తాడట. ఇవాళ పది గంటలకు హెలికాప్టర్ ఎక్కితే మళ్ళీ ఇరవై ఎనిమిది రోజులకు గాని నేల మీద కాలు పెట్టడట.

ఎవడడిగాడు నీ చరిత్ర అనుకున్నాడు ఒవీడ్.

వాడు సీసాలోకి ఉమ్మి, మూత బిగించి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“నన్నేమన్నా అడగాలని ఉందా బాబాయ్?”

“ఉంది. కిందటిసారి స్నానం ఎప్పుడు చేశావు?”

పడవంతా గొల్లుమంది. లావుపాటాయన తన తడిసిన ప్యాంటు సంగతి మరిచిపోయి మరీ నవ్వాడు. వాడూ నవ్వాడు. పళ్ళు నల్లగా ఉన్నాయి. ఆ తర్వాత ఏమీ అడగలేదు. అయినా ఇటు తిరిగిన మనిషి అటు తిరగలేదు.

రేవులో అందరూ దిగిపోయారు. వాడొక్కడే టోపీ చేత్తో పట్టుకుని చెక్కల మీద నిలబడ్డాడు. ఒవీడ్ తలెత్తలేదు. బకెట్టుతో నీళ్ళు ముంచి, వాడు కూర్చున్న సీటు మీద కుమ్మరించాడు. రెండో బకెట్టు కూడా కుమ్మరించాడు. మూడోది ముంచేసరికి పాత ట్రక్కు కంకర మీద తిరిగి వెళ్ళిపోతున్న చప్పుడు వినబడింది.

టికెట్ల కిటికీ వదిలి ఎర్లీన్ రేవు మీదికి వచ్చింది. ఒవీడ్ చెల్లెలి కోడలు. అటూ ఇటూ చూసింది.

“కర్లీ వెళ్ళిపోయాడా?”

“ఆ కంపుగొట్టు వాడేనా? పీడ వదిలింది.”

ఆమె అతని చేతి వంక చూసింది.

“అడిగావా బాబాయ్?”

“వాణ్ణి నేనేం అడగాలి?”

ఎర్లీన్ చెప్పుకొచ్చింది. చర్చిలో ఒవీడ్ చెయ్యి సంగతి కర్లీ చెవిన వేసింది తనేనట. వాడు తెల్లారగట్లే బుట్టలు లాగి, ఇంటికైనా వెళ్ళకుండా తిన్నగా ఇటు వచ్చాడట. ఒవీడ్‌కు చెబుదామని తను కిటికీ మూసి వచ్చేలోపే పడవ వెళ్ళిపోయిందట.

“ఆడదాని మంత్రం మగవాడికే ఇవ్వాలి కదా, యూలాలీ అవ్వ పోయే ముందు ఆ కర్లీనే పిలిచి ఇచ్చింది, నోరు తెరిచి అడిగినవాళ్ళకే మంత్రం వెయ్యాలి తప్ప వేస్తానని తనంతట తాను అనకూడదు గనక, నువ్వు అడుగుతావేమోనని వాడు టికెట్టు కొనుక్కుని గంటసేపు నీకేసి తిరిగి కూర్చున్నాడు బాబాయ్.”