ఎడమవైపు గీత

"మా ఆయన్ని చూడవే తల్లీ అంటే ఫోను చూసుకుంటోందీ పిల్ల!" సతుర్నీనా గొంతు చించుకుంది.

నేలిదా అల్ట్రాసౌండు తెర ఎదురుగా ఫోను నిలబెట్టింది. మంచం మీద సతుర్నీనా మొగుడు ప్లాసిదో ఎగశ్వాస పెడుతున్నాడు. పొద్దున ఇంటికప్పుకి రేకులు బిగిస్తూ జారిపడ్డాడు. ఎక్స్‌రే తీయించాలంటే ఒరూరో పట్నం పోవాలి. ఆ దారి పొడవునా సమ్మెవాళ్ళు బండలు దొర్లించి కూర్చున్నారు. ఈ కొండమీది ఆసుపత్రికి డాక్టరంటే నేలిదా ఒక్కతే. చదువు ముగించి ఏడాది కూడా కాలేదు.

ఊపిరితిత్తుల్ని ఈ యంత్రంతో చూడటం పోయిన నెలే లా పాజ్‌లో నేర్చుకుంది. నేర్పిన డాక్టర్ ఎర్సీలియాకే ఇప్పుడు వీడియో కాల్ చేసింది.

"డాక్టరమ్మా, తెర కనిపిస్తోందా?"

"నీ పని కానీ. ముందు కుడివైపు. ఏం చూస్తున్నావో చెప్పు."

"పక్కటెముకల మధ్య తెల్లగీత. ఊపిరి తీసినప్పుడల్లా అటూ ఇటూ జారుతోంది."

"అది బాగున్నవైపు. మరి ఎడమ?"

నేలిదా యంత్రపు కొనని ఎడమవైపుకి మార్చింది. "గీత ఉంది... కదలడం లేదు."

"ఇంకోచోట పెట్టు."

"అక్కడా అంతే. చలనం లేదు."

"మెడ నరాలు?"

"ఉబ్బాయి. బీపీ పడిపోతోంది."

"అయితే ఏమిటది?"

"గాలి రొమ్ములోకి చేరి ఊపిరితిత్తినీ గుండెనీ నొక్కేస్తోంది. మీరూ అదే అంటారా?"

"నీకేమైనా అనుమానమా?"

ఆమె మళ్ళీ తెర వంక చూసింది. "లేదు."

"మరెందుకు ఆగావు?"

లావుపాటి సూది తీసేసరికి సతుర్నీనా చెయ్యి పట్టేసుకుంది. "గుండెల్లో పొడుస్తావా? నిన్నగాక మొన్నొచ్చావు, నీకేం తెలుసు?"

"గాలి పోవడానికమ్మా. పెద్ద డాక్టరమ్మ చూస్తూనే ఉంది. తప్పయితే ఆపేది కదా!"

ఆ మాటకి ముసలామె పట్టు వదిలింది.

కింది పక్కటెముక పైఅంచు వెంబడి సూది దిగింది. బుస్సుమంటూ గాలి వచ్చింది. ప్లాసిదో రొమ్ము ఒక్కసారి పైకి లేచింది. పెదాల నలుపు మెల్లగా తగ్గింది. సతుర్నీనా గోడవారగా కూలబడి, తన మూటలోంచి తాను నమిలే కోకా ఆకు గుప్పెడు తీసి నేలిదా చేతిలో కుక్కింది.

మరుసటి వారం దారి తెరుచుకుంది. ఎర్సీలియా స్వయంగా వచ్చింది. అప్పటికి ప్లాసిదో, సూది స్థానంలో రొమ్ముకి పెట్టిన గొట్టం కూడా తీయించుకుని, ఎండలో కూర్చుని ఉడికిన బంగాళాదుంపలు ఒలుచుకుంటున్నాడు.

"మీ కళ్ళు తోడుండబట్టి సరిపోయింది డాక్టరమ్మా," అంది నేలిదా. "లేకపోతే నేనా సూది ముట్టుకునేదాన్నే కాదు."

ఎర్సీలియా ప్లాసిదో మీంచి చూపు నేలిదా వైపు తిప్పింది.

"అందుకే అప్పుడు చెప్పలేదమ్మా. ఆ రోజు ఫోన్లో నాకు నీ గొంతు తప్ప బొమ్మ రానేలేదు."