చెరిపే పర్మిషన్

బన్సీలాల్‌పేట్‌లోని మా విద్యార్థి సహాయ సంఘం పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్‌కెక్కాయి. సాయం పొందినవాళ్ల పేర్లను రేపటినుంచి చందాలు వసూలు చేసే ముప్పైమందీ చూడొచ్చు.

"మాస్టారూ, మీకు చూసే పర్మిషన్ ఇచ్చా. చెరిపేది మాత్రం ఇవ్వను," అన్నాడు సాఫ్ట్‌వేర్ పెట్టిన దుర్గేష్.

"ముప్పయ్యేళ్లకు పైగా ఎండలో తిరిగి చందాలు తెచ్చినవాణ్ణి. అది ఇచ్చేదాకా ఈ కుర్చీ వదలను."

"మౌస్ పట్టుకోవడమే రాదు, మీరేం చెరుపుతారండీ!"

ఆఫీసులో ఉన్నవాళ్లందరూ నవ్వారు. "నవ్వండి," అని అక్కడే కూర్చున్నాను. భోజనానికి కూడా లేవలేదు.

సాయంత్రానికి దుర్గేష్ విసిగిపోయి, "మీతో పడలేం, తీసుకోండి," అని ఇచ్చేసి టీకి పోయాడు.

తొంభైమూడు నాటి జాబితా ఎలాగోలా వెతికి, ఒకే ఒక్క పేరు చెరిపేశాను.

తన ఇంజనీరింగ్ ఫీజంతా నాన్నే కట్టాడని దుర్గేష్ ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాడు.