తోమిన రాయి

ఒక గాజు తొట్టిలో ఉప్పునీళ్లు నింపి, ఓ యజమాని చిన్న సముద్రాన్నే పెంచుతుండేవాడు. అందులో ఓ పీత, ఓ నీలిచేప, నాచు పట్టిన పెద్ద రాయి ఉండేవి. ఆ రాయి నీడనే పీత ముసలిదైంది.

ఇల్లు మారే రోజు వచ్చింది.

"ఈ మురికి రాయిని కూడా మోసుకుపోతారా, పీత మామా?" అని చేప మూతి తిప్పింది.

"నా బొరియల్లో కంటికి కనపడని పురుగులున్నాయమ్మా. నువ్వు విడిచిన మురికి తినేది అవే," అంది రాయి.

చేప నవ్వింది. పీతకు నవ్వు రాలేదు.

పాత మురికి కొత్తింటి గడప తొక్కకూడదని యజమాని రాయిని కుళాయి కింద పెట్టి, కొబ్బరిపీచుతో తెల్లగా తోమి, ఎండబెట్టి మరీ తెచ్చాడు. కొత్తింట్లో నీళ్లు అద్దంలా మెరిశాయి. చేప మురిసిపోయింది. పీత రాయిని పిలిచింది. రాయి పలకలేదు.

నాలుగు రోజులు తిరక్కుండానే ఆ నీళ్లకు ఒళ్లు మండసాగింది. "మామా, ఊపిరాడట్లేదు," అంటూ చేప వచ్చి ఆ రాయి పక్కనే ఒరిగింది. మురికి తినేవాళ్లు ఇక లేరని పీతకు తెలుసు.

యజమాని తొట్టిలోకి తొంగిచూసి నిట్టూర్చాడు.

"రాయిని సరిగ్గా తోమినట్టు లేదు," అంటూ మళ్లీ పీచు అందుకున్నాడు.